వందక్క రక్తం

ల్యాబులో ఆవిడ అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా కనిపించదు. పెద్దసారు దగ్గర్నుంచి నేల తుడిచే మనిషి దాకా అందరికీ ఆవిడ వందక్కే. ఈ పేరు ఎవరో సరదాకి పెట్టింది కాదు. సూదికి చెయ్యి చాచి చాచి సంపాదించుకున్నది.

సంగతి ఇది. పెద్దాసుపత్రి వెనక భవనంలో, రెండో అంతస్తులో, కిటికీలు తెరుచుకోని ఆ ల్యాబులో చేసే పని ఒక్కటే. జబ్బేమిటో అంతుపట్టని రోగుల రక్తం అక్కడికి వస్తుంది. అందులోని తెల్లకణాల్లో ఒకానొక ప్రొటీన్ ఎంత ఉందో కొలిచి చెబుతారు. ఆ ప్రొటీన్‌కి మాత్రమే అంటుకునే రంగు మందు కణాలకి పట్టించి, వాటిని ఒక్కొక్కటిగా లేజర్ వెలుగు ముందు నుంచి నడిపిస్తే, ఏ కణం ఎంత మెరిసిందో యంత్రం లెక్కగట్టి తెర మీద ఒక కొండ గీస్తుంది. కొండ కుడివైపు జరిగితే ప్రొటీన్ ఎక్కువ, ఎడమవైపు జరిగితే తక్కువ. అయితే దేనికన్నా ఎక్కువ, దేనికన్నా తక్కువ? పక్కన ఆరోగ్యంగా ఉన్న మనిషి కొండ కూడా ఉంటేనే ఆ మాట చెప్పగలరు.

ఆరోగ్యవంతుల్ని రోజూ పొద్దున్నే ఎవరు వెతికి తెస్తారు? వీధిలో పోయేవాణ్ణి పిలిచి, బాబూ, ఓ గొట్టం రక్తం ఇచ్చి పో అంటే ఊరుకుంటాడా? అందుకని ల్యాబు వాళ్ళే వంతులవారీగా ఇచ్చుకునేవారు. ఆ వంతులు మూన్నాళ్ళ ముచ్చటే అయ్యాయి. ఒకరికి సూదంటే భయం, ఒకరికి నరం దొరకదు, ఇంకొకరికి ఏడాది పొడుగునా జలుబు. వందక్కకి మాత్రం మోచేతి మడతలో తాడులాంటి నరం, జ్వరమన్నది ఎరగని ఒళ్ళు. "నాదే తీసుకోండి, దీనికింత రాద్ధాంతమెందుకు" అని ఒకరోజు చెయ్యి చాచింది. ఆ చాచిన చెయ్యి ఏళ్ళ తరబడి మళ్ళీ ముడవలేదు. ఆవిడ కొండ ఎక్కడ నిలబడితే అది వంద. రోగి మెరుపు అందులో సగముంటే యాభై, రెట్టింపు ఉంటే రెండొందలు. అలా ఆవిడ వందక్క అయింది. మోచేతి మడతలో ఎప్పుడూ ఒక నీలపు మచ్చ ఉండేది. రోజూ సూది దిగే చోట మచ్చ ఉండక ముత్యముంటుందా అని ఆవిడే నవ్వేది.

అంత చదువుకున్నవాళ్ళు లోకాన్నంతా ఒక్క మనిషితో కొలవడమేమిటి, ఎవరూ అడగలేదా అని మీకు అనిపించొచ్చు. అడగలేదు. పని సాగిపోతుంటే అడిగే తీరిక ఎవరికుంటుంది? పైగా ఆ కొలతల్లోంచే పెద్దసారుకి గొప్ప పేరొచ్చింది. రోగుల్లో చాలామందికి రెండొందలు వచ్చేది. కణాలు ఉద్రేకపడినప్పుడు ఈ ప్రొటీన్ పెరుగుతుందన్నది నిజమే కాబట్టి, జబ్బుపడ్డ ఒంట్లో అది రెట్టింపవుతుందని ఆయన వ్యాసం రాశాడు. దాని మొదటి పేజీకి అద్దం కట్టించి తన గదిలో, కుర్చీకి ఎదురుగా తగిలించుకున్నాడు.

ఆ ప్రొటీన్ పేరు సీటీఎల్ఏ-4. ల్యాబులో బ్రేకు అంటారు. ఒంట్లో చొరబడ్డ క్రిముల మీదికి ఎగబడే తెల్లకణాలు కొన్ని ఉంటాయి. ఎగబడండని వాటికి తాళం తిప్పి పంపే కణాలు వేరే ఉంటాయి. ఈ బ్రేకు ఎవరితోనూ దెబ్బలాడదు. నింపాదిగా వెళ్ళి, తాళం తిప్పేవాడి చేతిలోంచి తాళంచెవి లాక్కుని మింగేస్తుంది. అంటే, ఇక చాలు, ఇళ్ళకి పొండి అనడమన్నమాట. అది చాలినంత లేకపోతే క్రిములు చచ్చాక కూడా ఆ సైన్యం ఇంటికి పోదు. పేగుల మీద పడుతుంది, ఊపిరితిత్తుల మీద పడుతుంది, చివరికి రక్తం పుట్టే మూలుగ మీదే పడుతుంది. ఆ ప్రొటీన్ జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తాయి. ఒక్కటి చెడినా బ్రేకు సగమైపోతుంది. ఆ సగంతో కొందరు చిన్నతనంలోనే మంచాన పడతారు. కొందరు నలభై ఏళ్ళు చలాకీగా తిరిగి అప్పుడు పడతారు. కొందరు అసలే పడరు. ఎందుకో ఎవరికీ పూర్తిగా తెలియదు.

వందక్క తమ్ముడు లిఫ్టుల మెకానిక్. నల్ల గ్రీజు గోళ్ళలోంచి ఎప్పటికీ పోని మనిషి, నోరు తెరిస్తే నవ్వించకుండా మూయని మనిషి. "నీదీ బ్రేకే, నాదీ బ్రేకే" అనేవాడు. "నా బ్రేకు ఫెయిలైతే నన్ను జైల్లో వేస్తారు. నీ బ్రేకు ఫెయిలైతే మీ సారుకి అవార్డిస్తారు. ఇదెక్కడి న్యాయమే అక్కా?"

వాడే ఒకసారి లిఫ్టు బ్రేకు సంగతి చెప్పాడు. "కరెంటుతో అది పట్టదు, వదులుతుంది. కరెంటు పోయిందనుకో, స్ప్రింగు దానంతటదే గట్టిగా పట్టేస్తుంది. ఏ తేడా వచ్చినా ఆగిపోవడమే దాని గుణం. మనిషి ఒళ్ళు తయారుచేసినవాడెవడో గానీ, ఈ ఏర్పాటు మాత్రం మర్చిపోయాడు."

అలాంటివాడికి ముందు కడుపులో తేడా చేసింది. ఏదో తిన్నది పడలేదనుకున్నారు. తర్వాత దగ్గు పట్టుకుంది. ఆ తర్వాత ఎక్కడ తగిలినా తగలకపోయినా ఒళ్ళంతా నీలపు మచ్చలు. వాళ్ళ నాన్న కూడా, వీళ్ళిద్దరూ బడిలో ఉండగానే, దగ్గీ దగ్గీ పోయాడు. అది పొగతాగుడు వల్ల అని అప్పట్లో డాక్టర్లు తేల్చేశారు. ఇంకెవరూ దాని జోలికి పోలేదు.

రక్తం జబ్బులు చూసే డాక్టరమ్మ తమ్ముణ్ణి పరీక్షించి, "ఒకసారి బ్రేకు చూడండి" అని రాసింది. వందక్క ఆ గొట్టాన్ని ఎవరి చేతికీ ఇవ్వలేదు. ఇంటి మనిషిది, నా చేత్తోనే చేస్తానంది. అలవాటు ప్రకారం చొక్కా చెయ్యి పైకి మడిచి తన రక్తం తీయించుకుని, రెండూ పక్కపక్కన పెట్టింది. రెండింటికీ ఒకే రంగు మందు, ఒకే యంత్రం. తెర మీద తన కొండ లేచింది. దాని మీద తమ్ముడి కొండ లేచింది. అచ్చు గుద్దినట్టు ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి.

ఆవిడకి ఏడుపొచ్చింది, ఆనందంతోనే. ఆ తెరని ఫోటో తీసి అమ్మకి పంపింది. తమ్ముడికి ఫోన్ చేసి, "ఒరేయ్, నీ బ్రేకు బ్రహ్మాండంగా ఉంది, నా అంత ఉంది" అంది. అమ్మ ఆ ఫోటోని వచ్చినవాళ్ళందరికీ చూపించేది. "చూశారా, నా పిల్లలిద్దరివీ ఒకటే గీత" అని మురిసిపోయేది.

బ్రేకు బాగుందన్నాక ఇక జన్యువు చదివించడమెందుకని ఆ పరీక్ష మానేశారు. బ్రేకు తక్కువైనవాళ్ళకి ఇచ్చే మందొకటి ఉంది, దాని ఊసే ఎత్తలేదు. ఇంకెక్కడో కారణం వెతికారు. వెతుకుతూ ఉండగానే తమ్ముడి మూలుగ ఎండిపోయింది. మూలుగ మార్చడం తప్ప వేరే దారి లేదంది డాక్టరమ్మ. పరీక్షలు చేస్తే వందక్కది పూర్తిగా సరిపోయింది, అమ్మది సగమే.

అమ్మకి అది ఎంతకీ మింగుడు పడలేదు. "కన్నతల్లిని నేను సగమే సరిపోయానట, ఇదేమో పూర్తిగా సరిపోయిందట! తొమ్మిది నెలలు మోసింది నేనా, ఇదా?"

"మోసినందుకు మార్కులివ్వరమ్మా" అన్నాడు తమ్ముడు. ముక్కులో ఆక్సిజన్ గొట్టంతోనే నవ్వాడు.

"దీనికేం, రాయి లాంటిది. పుట్టి బుద్ధెరిగాక ఒక్కరోజు పడుకున్న పాపాన పోలేదు. నాలుగు చుక్కలిస్తే తరిగిపోదు" అంది అమ్మ. అంటూనే కూతురి తల నిమిరింది.

దాతగా తేలిన రోజున డాక్టరమ్మ వందక్క మోచేతి మచ్చ చూసి మందలించింది. "మూలుగ ఇచ్చేదాకా ల్యాబులో ఒక్క చుక్క కూడా ఇవ్వొద్దు. మీ ప్లేట్లెట్లు కూడా అంచు మీదున్నాయి, ఫర్వాలేదనుకోండి. ఈ నెల రోజులూ ఆ చెయ్యికి సెలవు." వందక్క సరేనంది.

మర్నాడు ఆవిడ బదులు యంత్రం నడిపే పొడుగాయన చెయ్యి చాచాల్సి వచ్చింది. తలుపు కింద నుంచి వంగి రావాల్సినంత పొడుగు, సూది చూడగానే బల్ల మీద వాలిపోయాడు. మొహాన నీళ్ళు చల్లి, కాళ్ళు ఎత్తిపెట్టి, ల్యాబంతా పడీపడీ నవ్వారు. ఆ నవ్వు తెర వెలిగేదాకానే.

పొడుగాయన కొండ వంద దగ్గర లేవలేదు. దాన్ని దాటుకుని, కుడివైపు దూరంగా, రెండొందల దగ్గర లేచింది.

"యంత్రం తేడా చేసింది" అంది వందక్క వెంటనే. ఇంకేమంటుంది? ఏళ్ళుగా వంద ఉన్నచోటే ఉంది, మరి జరిగింది యంత్రమే కదా. పెద్దసారు వచ్చి చూసి అదే మాట అన్నాడు. "తిప్పి కిందికి దించండి, కొండ గీత మీదికి వచ్చేదాకా." వందక్క తన చేత్తోనే మీట తిప్పింది. పొడుగాయన కొండ జరిగి జరిగి వంద మీద కూర్చుంది. అందరూ హమ్మయ్య అనుకున్నారు.

ఆ రోజు రోగులెవరికీ రెండొందలు రాలేదు. అందరికీ వందే వచ్చింది. ఒక్కడికి మాత్రం యాభై. అతనొక టైలరు. రెండేళ్ళ కిందట వీళ్ళే పరీక్ష చేసి, మీ బ్రేకు బాగుంది, వేరే కారణం వెతుక్కోండని రాసి పంపారు. ఇప్పుడు సగం బరువై తిరిగొచ్చాడు. అప్పుడు వంద వచ్చిన మనిషికి ఇప్పుడు యాభై ఏమిటని పొడుగాయన గొణిగాడు.

"యంత్రం ఇంకా కుదుటపడలేదు" అన్నాడు పెద్దసారు.

వందక్కకి ఆ మాట నచ్చింది. నచ్చాలని గట్టిగా అనుకుంది. కానీ ఆ రోజు ఇంటికి పోయేటప్పుడు మెట్ల మీద కాసేపు ఆగి, ఎందుకాగిందో తనకే తెలియక మళ్ళీ దిగింది. గుండెలో ఏదో చిన్న ముల్లు గుచ్చుకుంది. తమ్ముడి గొడవలో పడి దాన్ని పట్టించుకోలేదు.

ఆ తర్వాత ఆవిడ సగం రోజులు ఆసుపత్రిలోనే గడిపింది. ల్యాబులో ఒకరోజు పెద్దసారే రక్తమిచ్చాడు, ఒకరోజు గేటు దగ్గర కాపలా ఉండే ఆవిడ ఇచ్చింది. ఎవరు ఇచ్చినా పాత గీత ప్రకారం రెండొందలే. ఈసారి తప్పు రంగు మందు మీదికి నెట్టారు. కొత్త సీసా ఘాటుగా ఉందన్నారు. పొడుగాయన మాత్రం అలవాటు ప్రకారం ప్రతివాళ్ళ కణాలూ కాసిని గడ్డకట్టించి, ద్రవ నైట్రోజన్ పీపాలో దాచిపెడుతూ వచ్చాడు. వందక్క కణాలు ఆ పీపాలో ఎన్నో ఏళ్ళవి ఉన్నాయి. తమ్ముడివీ ఉన్నాయి.

తమ్ముణ్ణి అద్దాల గదిలోకి మార్చారు. గాలి కూడా వడకట్టి పంపే గది. లోపలికి డాక్టర్లూ నర్సులూ తప్ప ఎవరూ పోకూడదు, బయట నిలబడి గోడకున్న ఫోన్లో మాట్లాడాలి. మెడలో పెద్ద గొట్టం పెట్టారు. ఒకరోజు పొద్దున్నే దానికి ఒక సంచి తగిలించి, పసుపు రంగు కవరు కప్పారు. అందులోది ఎముకల్లో మిగిలిన కాస్త మూలుగనీ తుడిచిపెట్టే మందు. పాతది పూర్తిగా పోతేనే కొత్తది నాటుకుంటుంది.

"లిఫ్టు కదిలింది అక్కా" అన్నాడు ఫోన్లో, మొదటి చుక్కలు దిగుతుంటే. "ఇక మధ్యలో దిగడానికి లేదు."

"దిగనక్కర్లేదురా. పైన నేనున్నాగా" అంది వందక్క.

ఆ మాట తన నోటి నుంచి వచ్చాక ఎందుకో ఆవిడకి నిలబడ బుద్ధి కాలేదు. అమ్మని కుర్చీలో కూర్చోబెట్టి, ఇప్పుడే వస్తానని చెప్పి, వెనక భవనంలోకి నడిచింది. తానెందుకు వెళుతోందో అప్పటికే తెలుసు. తెలుసని ఒప్పుకోవడమే మిగిలింది.

పీపా మూత తీసింది. తెల్లటి పొగ మోకాళ్ళ మీదుగా నేల మీదికి పారింది. పొడుగాయనవి, పెద్దసారువి, కాపలా ఆవిడవి, ఇంకా ఆ నెలలో చెయ్యి చాచిన ప్రతివాళ్ళవీ ఒక్కో చిన్న గొట్టం తీసింది. తనవి తీసింది. చివర తమ్ముడివి తీసింది. గొట్టాలన్నీ ఒకే నీళ్ళ తొట్టిలో పెట్టి కరిగించి, ఒకే సీసాలోంచి రంగు పట్టించి, ఒకే వరసలో యంత్రానికి పెట్టింది. ఇప్పుడు యంత్రం తేడా చేస్తే అందరికీ చెయ్యాలి. రంగు ఘాటైతే అందరికీ ఘాటే కావాలి. పొడుగాయన ఏమీ అడక్కుండా పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

కొండలు ఒకటొకటే లేచాయి. పొడుగాయనది కుడివైపు. పెద్దసారుది దాని మీదే. కాపలా ఆవిడదీ అక్కడే. మిగతావన్నీ ఒకే కుప్పగా, ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కినట్టు అక్కడే.

తర్వాత రెండు కొండలు లేచాయి. ఆ గుంపుకి దూరంగా, ఎడమవైపు, సగంలో. ఒకటి తనది, ఒకటి తమ్ముడిది. అచ్చు గుద్దినట్టు ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. అమ్మ ఫోన్లో ఉన్నది ఆ బొమ్మే. ఆ రోజు పక్కన ఇంకెవరూ లేరు, అంతే.

వందక్క ఏళ్ళుగా ఎవరెవరి రక్తమో తన పక్కన పెట్టి, ఇది ఎక్కువ, ఇది చాలు, ఇది బాగుంది అని రాసి పంపింది. రోగులకి రెండొందలు వచ్చింది వాళ్ళలో బ్రేకు రెట్టింపై కాదు. వాళ్ళకి అందరికీ ఉన్నంతే ఉంది. తనకే సగముంది. నిజంగా సగమున్నవాళ్ళు వస్తే, తన పక్కన నిలబెట్టి, నీకేం లోటు లేదని ఇంటికి పంపేసింది. టైలరుని అలాగే పంపింది. సొంత తమ్ముణ్ణీ అలాగే పంపింది.

"అక్కా" అన్నాడు పొడుగాయన మెల్లగా. "ఎల్లుండో అవతలెల్లుండో నీ మూలుగేగా అతనికి ఎక్కించేది?"

ఆవిడ అప్పటికే లేచి పెద్దసారు గది వైపు నడుస్తోంది.

పెద్దసారు తెర మీది బొమ్మ కాగితాన్ని చాలాసేపు చూశాడు. కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ చూశాడు. చెడ్డవాడు కాదాయన, కాకపోతే ఆయన ఎదురుగా గోడకి ఆ అద్దం కట్టించిన పేజీ ఉంది. "తొందరపడొద్దమ్మా. ముందు జన్యు పరీక్షకి పంపిద్దాం. వారం పది రోజుల్లో తేలిపోతుంది. అప్పటిదాకా ఈ మాట ఈ గది దాటకూడదు."

"వారం పది రోజులకి నా మూలుగ, ఈ సగం బ్రేకుతోనే, వాడి ఎముకల్లో ఉంటుంది సార్."

"నువ్వు ఆరోగ్యంగానే ఉన్నావు కదా. ఇన్నేళ్ళ మన పని…"

"పోతుంది సార్" అంది వందక్క. గొంతు ఎంత మామూలుగా వచ్చిందో చూసి తనకే ఆశ్చర్యమేసింది. "ఆ టైలరుకి ఫోన్ చేయించండి. ఇంకా అలాంటివాళ్ళు ఎవరెవరున్నారో వాళ్ళకీ చేయించండి. నేను డాక్టరమ్మ దగ్గరికి పోతున్నాను."

డాక్టరమ్మ నిలబడే విన్నది. విన్నాక కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఆ మందు ఆపెయ్యండి" అంది వందక్క.

"ఆపి లాభం లేదు. ఒక్కసారి లోపలికి పోయాక వెనక్కి రావడమంటూ ఉండదు. ఉన్న కాస్తా రోజుల్లో పోతుంది. ఎవరిదో ఒకరి మూలుగ ఇచ్చి తీరాలి, లేకపోతే మనిషి దక్కడు." డాక్టరమ్మ పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి, చివరికి అడిగింది. "మీది పూర్తిగా సరిపోతుంది. ఆ లోపం మీలో ఇన్నాళ్ళూ ఊరికే పడుంది. అతనిలోనూ ఊరికే పడుండొచ్చు కదా అంటే ఏమంటారు?"

"మీ తమ్ముడైతే ఇస్తారా డాక్టర్?"

డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టి, "మీ అమ్మగారిని పిలవండి" అంది.

అమ్మని కూర్చోబెట్టి చెప్పేసరికి వందక్కకి తల ప్రాణం తోకకొచ్చింది. బ్రేకంటే ఏమిటో, సగమంటే ఏమిటో, ఎవరి నుంచి ఎవరికొచ్చిందో చెప్పుకుంటూ వచ్చింది. అమ్మ సగంలోనే చెయ్యి అడ్డం పెట్టింది. "అయితే మీ నాన్నది పొగ కాదన్నమాట. ఆయన చచ్చేదాకా సాధించాను, ఆ పాడు చుట్ట మానవయ్యా అని. చివరి రోజుల్లో ఒళ్ళంతా ఇవే మచ్చలు. అడిగితే, మంచం కోడు తగిలిందనేవాడు." కళ్ళొత్తుకుని చెయ్యి చాచింది. "తీసుకోండి, ఎంత కావాలో అంత తీసుకోండి."

"అది నీలోనూ ఉందేమో చూడాలమ్మా ముందు."

ఈసారి అమ్మ రక్తం పక్కన పొడుగాయనది పెట్టారు. ఆయన మళ్ళీ వాలిపోయాడు, ఎవరూ నవ్వలేదు. కాపలా ఆవిడదీ పెట్టారు, ఇంకా దొరికినవాళ్ళందరివీ పెట్టారు. వందక్క తెర వైపు చూడలేక గోడ వైపు తిరిగి నిలబడింది. "కుడివైపే అక్కా" అన్న మాట వినపడ్డాక కూడా కాసేపు తిరగలేదు.

సగమే సరిపోయే మూలుగ. అమ్మ వయసు చూసి మత్తు డాక్టరు ముందు ఒప్పుకోనన్నాడు, వేరే దారి లేదని డాక్టరమ్మ చెప్పాక తలూపాడు. తమ్ముడి ఒళ్ళు దాన్ని తోసెయ్యొచ్చు, అదే ఎదురు తిరిగి తమ్ముడి మీద పడొచ్చు. ఇవన్నీ డాక్టరమ్మ దాచకుండా తమ్ముడికి ఫోన్లో చెప్పింది. బ్రేకు సగమేనని ముందే తెలిసుంటే మందుతోనే సరిపోయేదేమోనని కూడా చెప్పింది. అద్దానికి ఇవతల వందక్క తల వంచుకుని నిలబడింది. వాడు తిడితే బాగుండునని మనసారా కోరుకుంది. వాడు తిట్టలేదు. "అమ్మదే కానివ్వండి" అన్నాడు.

మూలుగ తీసే రోజు పొద్దున్న, వందక్క పడుకోవాల్సిన బల్ల మీద అమ్మ పడుకుంది. తీసుకెళుతుంటే మత్తు ఇంకా ఎక్కకముందు కూతురి చెయ్యి పట్టుకుని, "చూశావా, చివరికి మోసినందుకే మార్కులొచ్చాయి" అంది. వందక్క నవ్వబోయింది, కుదరలేదు.

మధ్యాహ్నం ముదురు ఎరుపు సంచి ఒకటి అద్దాల గదిలోకి వచ్చింది. నర్సు దాన్ని కొక్కేనికి తగిలించి, తమ్ముడి మెడ గొట్టానికి కలిపింది. చుక్కలు మొదలయ్యాయి. చూడ్డానికి అందులో ఏమీ లేదు. మామూలు రక్తం ఎక్కిస్తున్నట్టే ఉంది. అమ్మ పక్క వార్డులో ఇంకా కళ్ళు తెరవలేదు.

వందక్క అద్దానికి ఇవతల నిలబడి ఫోన్ చెవికి ఆనించుకుంది. ఎండాకాలం కావడంతో పొట్టి చేతుల చొక్కా వేసుకుంది. ఆ నెల రోజుల్లో మోచేతి మడతలోని పాత మచ్చ మానిపోయి, చర్మం మామూలు రంగుకి వచ్చింది.

తమ్ముడు వెంట్రుకలు లేని తల దిండు మీద పక్కకి తిప్పి ఆవిడ వైపే చూస్తున్నాడు. జోకు వేస్తాడేమోనని ఎదురుచూసింది. వాడి చూపు ఆవిడ మొహం మీద లేదు. ఫోన్ పట్టుకున్న చేతి మీద ఉంది.

"ఆ చేతికి ఏమైంది?"

"ఏ చేతికి?"

"మణికట్టు పైన. నల్లగా. అక్కడ ఎవరూ సూది గుచ్చరు కదా."

వందక్క చూసుకుంది. మణికట్టు పైన రూపాయి బిళ్ళంత మచ్చ. దాని పక్కన ఇంకొకటి, ఇంకా చిన్నది, అంచులు పచ్చబడుతూ. నిన్న స్నానం చేసేటప్పుడు పిక్క మీద కూడా ఒకటి కనిపించింది. మంచం కోడు తగిలిందనుకుంది.

"ఎక్కడో తగిలుంటుందిరా" అంది.

ఫోన్లో వాడి ఊపిరి వినపడుతోంది. సంచిలోంచి చుక్కలు పడుతున్నాయి, వాడి కళ్ళు మాత్రం అక్కడే ఆగాయి.

"నాకు అమ్మ ఇచ్చింది. నాది పనికిరాదు, అమ్మకిక శక్తి లేదు" అన్నాడు. "మరి నీకెవరిస్తారక్కా?"

ఇన్ని రోజుల్లో ఈ మాట అడిగినవాళ్ళు లేరు. ఆవిడ కూడా తనని తాను అడగలేదు.

"నాకేమవుతుందిరా, నాకు మందుంది. నేను బ్రహ్మాండంగా ఉన్నాను" అంది వందక్క. ఆర్నెల్ల కిందట, కొండ మీద కొండ కూర్చున్న రోజున, వాడికి ఫోన్లో చెప్పిన గొంతు అదే. అది తనకే వినపడి, ఫోన్ రెండో చేతిలోకి మార్చుకుని, ఆ చెయ్యి వీపు వెనక పెట్టుకుంది.